ఉండిపోయిన అతిథి

ఇంట్లో ఎక్కడైనా ప్లాస్టిక్ సంచి కనబడితే అత్తగారికి ఒళ్లు మండిపోయేది. ఎవరైనా వెళ్లిపోతామంటే ఇంకా మండేది. ఆ పల్లెలో ఇంటిల్లిపాదీ కలిసి నడిపే విడిది అది. మట్టి గోడలు, వాననీటి తొట్టి, గిన్నెలు తోమడానికి బూడిద. వీటికోసమే పట్నం వాళ్లు కార్లేసుకుని వచ్చేవారు. సోలారు దీపాలు మొండికేసేలోపు, పొద్దుండగానే పెరట్లో పొడుగాటి బల్ల చుట్టూ కూర్చుని తినేయాలి. తిన్నాక కోడలు కథ చెప్పాలి. అది ఆ ఇంటి పద్ధతి.

ఏం కథ? ఆమె కథే. ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసే పిల్ల సెలవులకని అతిథిగా వచ్చింది, పొయ్యి దగ్గర పొగకి కళ్లు నలుపుకుంటున్న ఈ ఇంటి అబ్బాయిని చూసింది, ఇక పెట్టె సర్దుకోలేదు. కథ లేకపోతే భోజనం సగమే పెట్టినట్టని అత్తగారి నమ్మకం. మొదట్లో కోడలూ మురిసిపోతూనే చెప్పేది. ఇప్పుడు పాఠం అప్పజెప్పినట్టు చెప్పేస్తోంది.

పాత ఆసుపత్రి వాళ్లు మళ్లీ రమ్మన్నారు మరి. సోమవారం చేరకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరికి పోతుంది. మొగుడికి చెబితే అమ్మతో మాట్లాడమన్నాడు. అత్తగారితో మాట్లాడితే ఈ సీజను కానీమంది. ఆ మాట పోయిన సీజనులోనూ అంది, మహాతల్లి! పోనీ పోదామంటే దారేదీ? పర్యావరణం పేరు చెప్పి ఇంట్లో స్కూటరైనా ఉంచరు. బస్సు ఆ వైపు రావడం ఎప్పుడో మానేసింది.

ఆ వారం ఒక జంట దిగింది. ఆదివారం పొద్దున్నే పట్నం వెళ్లిపోతున్నారు, కారులో వెనక సీటు ఖాళీ. వాళ్లను చాటుగా అడగొచ్చు, కానీ దొంగలా పోవడం కోడలికి ఇష్టం లేదు. అతిథుల ముందు అత్తగారు చచ్చినా గొంతు పెంచదు. అందుకని అందరి ముందే చెప్పేద్దామని గుండె చిక్కబట్టుకుంది.

శనివారం సాయంత్రం భోజనాలయ్యాయి. ఊఁ, మొదలుపెట్టమని అత్తగారు సైగ చేసింది. పెట్టె సర్దుకోలేదన్న చోటిదాకా కోడలు మామూలుగానే చెప్పి, ఆగింది.

"ఇవాళ సర్దుకున్నానండీ. నాకిక్కడ ఊపిరాడట్లేదు. రేపు మీ కారులో నేనూ వస్తాను, మళ్లీ రాను."

ముందు అత్తగారు నవ్వింది, పొట్ట పట్టుకుని మరీ. ఆవిడే నవ్వాక ఇంకేముంది, బల్ల చుట్టూ అందరూ గొల్లుమన్నారు. నిజమే చెబుతున్నానని కోడలు ఎంత అంటే అంత నవ్వారు. కారాయన కళ్లు తుడుచుకున్నాడు.

కోడలు మొగుడి వైపు తిరిగింది. అతనికి అన్నీ తెలుసు. ఆమె గోడవైపు తిరిగి ఏడ్చినప్పుడల్లా పక్కనే ఉన్నాడు.

"మీరైనా చెప్పండి," అంది.

అతను తల్లి ముఖం చూశాడు, కంచం చూశాడు.

"మా ఆవిడంతేనండీ. కొత్తవాళ్లను ఇలాగే హడలగొడుతుంది," అన్నాడు.

ఛీ! నవ్విన వాళ్లమీద ఆమెకు కోపం రాలేదు, వాళ్లకేం తెలుసు పాపం. ఆ ఒక్క మాట విన్నాక మాత్రం మొగుడికి వీపు తిప్పి బెంచీ చివర కూర్చుంది.

కారాయన భార్య వచ్చి పక్కనే కూర్చుని చెయ్యి పట్టుకుంది. ఇంత సరదాగా ఎవరూ చెప్పలేదంది. ఇలాంటి మనుషులను వదిలి వెళ్లబుద్ధి కావట్లేదని, ఇంకో వారం ఉందామంటే మావారూ సరేనన్నారని మురిపెంగా చెప్పింది.

అత్తగారు ఇప్పుడు నవ్వడం లేదు. కోడలి కళ్లలోకి సూటిగా, నెమ్మదిగా చూసింది.

"లే అమ్మా. వాళ్ల గదికి ఉతికిన దుప్పట్లు తీసుకెళ్లు," అంది.

కోడలు లేచి దుప్పట్ల కోసం లోపలికి వెళ్లింది.