ఒక్క గ్లాసు నీళ్ళు

“మర్చిపోయి ఉంటావమ్మా. ఒప్పుకుంటే పోయేదేముంది?” అప్పటికి నాలుగోసారి అన్నారు మా ఆయన.

“వేసుకున్నానురా.” అత్తయ్య కుట్టుమిషన్ మీంచి తలెత్తలేదు.

ఆవిడకి హెచ్ఐవి ఉందని ఇంట్లో అందరికీ తెలుసు. గడప దాటి ఎవరికీ తెలియదు. ఎనిమిదేళ్ళుగా రాత్రి భోంచేయగానే ఒక మాత్ర. పరీక్ష చేస్తే వైరస్ కనబడనంత తక్కువగా ఉండేది. ఈ ఏడాది మాత్రం వరసగా రెండుసార్లు వేలల్లో వచ్చింది. మాత్రలు మానేస్తున్నారేమోనని డాక్టరుగారి అనుమానం.

“రేపట్నుంచి మాత్రల డబ్బా నా బీరువాలో ఉంటుంది. నేనే చేతికిస్తా, నా ఎదురుగా మింగు,” అన్నారు మా ఆయన.

“వయసు మీద పడిందిగా. వాడు చెప్పినట్టు వినవే,” అంది పెద్దత్తయ్య, ఆవిడ అక్కగారు.

మిషన్ ఆగింది. మామయ్య పోయాక ఆ మిషన్ తొక్కి కొడుకుని చదివించిన మనిషి. ఆవిడ కుట్టిన బడి యూనిఫారానికి గుండీ ఊడిందని ఒక్కరూ తిరిగి రాలేదు. లేచి, సొరుగులోంచి తెల్లగుడ్డ పీలిక తీసి కొడుకు ఒళ్ళో పడేసింది. దాని నిండా చిన్న చిన్న కుట్లు, నెలకో రంగు దారంతో.

“మాత్ర మింగాక రోజుకో కుట్టు. ఇది ఈ ఏడాదిది. ఒక్కటి తక్కువైనా డబ్బా నువ్వే దాచుకో.”

మా ఆయన రెండు రంగులు లెక్కపెట్టి ఊరుకున్నారు. మిగతావి నేను లెక్కపెట్టాను. ఒక్కటీ తగ్గలేదు.

మర్నాడు ఆ పీలిక పట్టుకుని ఆవిడతో ఆసుపత్రికి నేనే వెళ్ళాను. కౌన్సెలర్ అమ్మాయి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

“అమ్మా, రాత్రి మాత్ర ఎలా వేసుకుంటారో ఒకసారి చేసి చూపించండి.”

అత్తయ్య ఉత్తచేతులతోనే చూపించింది. చెయ్యి కడుక్కోవడం, మాత్ర నాలిక మీద పెట్టుకోవడం, వెంటనే మూతెడు గ్యాస్ సిరప్, ఆపైన గ్లాసు నీళ్ళు.

“సిరప్ ఎందుకూ?”

“తిన్నాక వంగి కుడతా కదమ్మా, గుండెల్లో మంట. ఏడాదిగా తాగుతున్నా. రెండూ ఒకే గ్లాసు నీళ్ళతో కానిచ్చేస్తే మళ్ళీ లేవక్కర్లేదు.”

ఆ అమ్మాయి వెళ్ళి డాక్టరుగారిని పిలుచుకొచ్చింది. ఆ సిరప్ మాత్రలోని మందుని పట్టేసుకుని ఒంటికి అందనివ్వదట. మాత్ర వేసుకున్నాక రెండు గంటలు ఆగాకే సిరప్ తాగాలట.

“ఎన్ని మానేశారనే అడిగాం గానీ, ఇంకేం వాడుతున్నారని అడగలేదు. పొరపాటు మాది,” అన్నారాయన. మందు మార్చేముందు ఇంకో మూడు నెలలు చూద్దామన్నారు.

మెట్లు దిగుతూ అత్తయ్య అంది: “మాత్రా మంచిదే, నేనూ మంచిదాన్నే. మధ్యలో ఆ సిరప్పే, కాపురంలో ఆడపడుచులా దూరింది.”

నేను రైలింగు పట్టుకుని నవ్వాను.

మూడు నెలల తర్వాత రిపోర్టులో వైరస్ కనబడలేదు. మా ఆయన దాన్ని రెండుసార్లు చదివారు. తప్పయిందని నోటితో అనలేక, భోజనాల దగ్గర గ్లాసు నిండా నీళ్ళు పోసి వాళ్ళమ్మ ముందు పెట్టారు. ఆవిడ మాత్ర మింగి, సూది అందుకుంది.

“ఇకనుంచి బుధవారాలు మిషన్ తొక్కను,” అంది మామూలుగా. “ఆసుపత్రికి వెళ్తా. వైరస్ తగ్గనివాళ్ళ పక్కన కూర్చుని, ఎలా వేసుకుంటున్నారో చేసి చూపించమని అడుగుతా. ఆ అమ్మాయితో మాట్లాడేశాను.”

మా ఆయన కంచంలోకి చూస్తూ తలూపారు.

“నలుగురికీ తెలిసిపోదుటే?” అంది పెద్దత్తయ్య.

“తెలియనీ అక్కా. పీలిక కూడా పట్టుకెళ్తున్నా,” అంది అత్తయ్య, దారం కొరుకుతూ.