గణపతి బొజ్జ మీది కాయితం

ఎల్లారెడ్డిలో జిరాక్స్ సెంటర్ నడిపే మహిపాల్‌కు తెర ఎంత ఖాళీగా ఉంటే అంత మంచిదని చెప్పే ఏదో వీడియో చూసి జ్ఞానోదయమైంది. కంప్యూటర్ తెర మీది గణపతి బొమ్మ పీకేసి, దాని నిండా పరిచిన రెండు వందల ఫైళ్లను ఒక్క ఫోల్డర్‌లో కుక్కాడు. బూడిదరంగు తెర మీద సన్నటి గడియారం ఒక్కటే మిగిలింది. పీడా పోయిందనుకున్నాడు.

బీడీలు చుట్టే దుర్గవ్వ కంప్యూటర్‌లో దాచిన తన పింఛను కాయితం ప్రింటు కోసం వచ్చింది.

"ఏ పేరుతోని పెట్టిన్నో యాదికి లేదవ్వా," నసిగాడు మహిపాల్.

"పేరెందుకు? గణపతి బొజ్జ మీద పెట్టినవ్ గదా! ఏడున్నడు గణపతి?"

"తీసేసిన. స్క్రీన్ సాఫ్‌గ ఉండాలె గదా."

వెనక నిలబడ్డ ఆశన్న గొంతెత్తాడు. "మరి నాది? తొండం కొసకుండె!"

దుర్గవ్వ మహిపాల్‌ను ఎగాదిగా చూసింది. "ఇల్లు ఊడ్సుడు మంచిదే బిడ్డా. ఇంట్లున్నోళ్లను గూడ ఊడ్సిపారేసినవా?"