పల్లికాయ లోపల

ముందు కాళ్ళు దూర్చాడు రూఫస్. తరువాత నడుము. స్పాంజి పల్లికాయ పొట్ట మోకాళ్ళ దగ్గర ఇరుక్కుంటుంది. కాస్త ఎగిరితే గాని పైకి రాదు. ఎగిరాడు. నెత్తికి తడి రుమాలు చుట్టుకున్నాడు. ఆపైన పల్లికాయ తల: గుండ్రటి కళ్ళు, చెంపల దాకా సాగిన నవ్వు. ఆ నవ్వు మధ్యలో ఉన్న నల్లని జాలీలోంచే అతను లోకాన్ని చూసేది.

నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో ప్రభుత్వం పల్లీల మేళా పెట్టింది. పాలమూరు పల్లీకి పేరు తేవాలి, రైతుకు గిరాకీ పెంచాలి అని ఎక్కడ చూసినా బ్యానర్లే. స్టాలు ముందు పిల్లలను పిలవడం రూఫస్ పని.

"అంకుల్, మంత్రి సాబ్ వచ్చి పోయేదాంక తల తియ్యొద్దు," అన్నాడు స్టాలు నడిపే జితేందర్. "నిన్న నువ్వు తీస్తే ఓ పోరి ఏడ్సింది."

"పల్లికాయలకెల్లి ముసలోడు ఎల్తే ఏడ్వదా మరి?"

ప్యాకెట్లు సర్దుతున్న రశ్మి కిసుక్కున నవ్వింది.

అతని బతుకంతా వేషాలే. డిసెంబరులో ఆబిడ్స్ బట్టల దుకాణం ముందు క్రిస్మస్ తాత, ఎండాకాలంలో ఐస్‌క్రీం ఎలుగుబంటి. పోయిన క్రిస్మస్‌కు ఎర్రకోటుతోనే ఫుట్‌పాత్ మీద పడిపోయాడు. గుండె బలహీనంగా ఉంది, ఉక్కలో ఉండకూడదన్నారు దవాఖానలో. ఇంటికి రాగానే భార్య జ్ఞానమణి అతని చేయి బైబిలు మీద పెట్టించి, ఇక వేషం కట్టనని మాట తీసుకుంది. ఈ పొద్దున గౌలిగూడ ఇంటి గడప దాటుతుంటే మళ్ళీ అడిగింది.

"కౌంటర్ల కూసునుడే గదా?"

"ఔ మణీ. ప్యాకెట్లు అందిచ్చుడే."

ఉత్త రూఫస్‌ను ఆబిడ్స్‌లో ఎవరూ తలెత్తి చూడరు. పల్లికాయ దగ్గరికి మాత్రం ఉరికి వస్తారు. ఒక పాప పొట్టకు కరుచుకుని వదల్లేదు. ఒక బుడతడు గుద్ది పారిపోయి, మళ్ళీ వచ్చి గుద్దిన చోటే ముద్దు పెట్టాడు. జాలీలోంచి వేడి పల్లీల వాసన వచ్చింది. ఇంతకంటే ఏం కావాలి మనిషికి అనుకున్నాడు.

ఎండ ముదిరింది. చెమట కళ్ళలోకి దిగింది. ఎడమ భుజం లాగుతోంది. అప్పుడు కనబడింది జ్ఞానమణి, చేతిలో సంచితో.

"మా ఆయన రూఫస్ ఏడమ్మా?"

రశ్మి పల్లికాయ వైపు చూసింది. పల్లికాయ వద్దన్నట్టు తల ఊపింది.

"ఉస్మాన్‌గంజ్‌కు పోయిన్రు ఆంటీ, సంచులు తెచ్చేటందుకు."

"గీ ఎండలనా!" జ్ఞానమణి నిట్టూర్చి, పల్లికాయ పక్కన నీడలోకి వచ్చింది. "ఏం బిడ్డా, లోపట ఉడుకుతున్నవా? మా ఆయనకు గూడ గిదే పిచ్చి. నేనే బంద్ చేయించిన." సంచిలోంచి నిమ్మకాయ నీళ్ళ సీసా తీసి అతని చేతిలో పెట్టింది. "ఆయనకని తెచ్చిన. నువ్వు తాగు. ఇంటికాడ ఆయనకు మళ్ళ చేస్త."

మూడు వేళ్ళ లావు తొడుగులు. వాటితో మూత తిరగదు. మణీ అంటే చాలు, ఆమే తీసిచ్చేది. మాట నాలుక దాకా వచ్చి ఆగింది. పల్లికాయ నడుము వంచి సలాం చేసింది. జ్ఞానమణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చిన్నపిల్లలా నవ్వింది. ఆమె అలా నవ్వి ఎన్నాళ్ళయిందో. గేటు దాటేదాకా ఆ నవ్వునే చూస్తూ నిలబడ్డాడు.

తరువాత మూత తీయమన్నట్టు సీసాను రశ్మి వైపు చాపాడు. అప్పుడే సైరన్లు మోగాయి. "రశ్మీ, పూలు!" అని జితేందర్ కేకేశాడు. ఆమె పరిగెత్తింది.

మంత్రి వచ్చేసరికి పల్లికాయ బస్తాల మీద ఒరిగి కూర్చుని ఉంది. ఆయన దాని పక్కనే కూర్చుని, భుజం మీద చేయి వేసి ఫోటో దిగాడు. అందరూ చప్పట్లు కొట్టారు. కార్లు వెళ్ళిపోయాయి.

"అంకుల్, పోయిన్రు. ఇగ తల తీయుండ్రి," అంది రశ్మి.

"ఏంది, నిద్రవట్టిందా?" జితేందర్ నవ్వాడు.

రశ్మి రెండు చేతులతో తల పైకెత్తింది. రుమాలు ఎప్పుడో ఎండిపోయింది. ఆమె మళ్ళీ పిలవలేదు.

పల్లికాయ తలను నేల మీద పెట్టారు. అది నవ్వుతూనే ఉంది. తొడుగు వేళ్ళ మధ్య నిమ్మకాయ నీళ్ళ సీసా, జ్ఞానమణి గట్టిగా బిగించిన మూతతో, అలాగే ఉంది.