నోరు మూసుకున్న ఇరవై నిమిషాలు

గుండె బాగుంటేనే మోకాలికి ఆపరేషన్ అన్నాడు డాక్టరు. సేత్తూరులోని పత్తిచేనికి మళ్లీ నడిచి వెళ్లాలని, పట్టుబట్టి రాజపాళయంలో గుండెకు తీసే ఎకో పరీక్షకు వెళ్లాను.

పరీక్ష చేసే అభినయ నన్ను ఎడమవైపుకు పడుకోబెట్టి, ఎదమీద చల్లటి జెల్లీ రాసింది.

"నొప్పెడతాదా పాపా?"

"లేదవ్వా. ఇరవై నిమిషాలే. మాట్లాడితే మాత్రం తెరమీద గుండె బొమ్మ సరిగా రాదు."

నొప్పి లేదు గాని, పుట్టి బుద్ధెరిగాక నేను ఇరవై నిమిషాలు నోరు మూసుకున్నది లేదు. మా అత్తగారి కథలన్నీ నాలుక చివరికి వచ్చాయి. మింగేశాను. చివర్లో ఊపిరి బిగబట్టమంది, బిగబట్టాను.

"అవ్వా, ఊపిరి విడు! చాలని చెప్పినాను గదా!"

"బొమ్మ చెడితే మళ్లీ రమ్మంటావని బిగబట్టినాను."

డాక్టరు చూసి, గుండె గట్టిగానే ఉందన్నాడు.

"అట్లయితే సోమవారమే కోయండి సార్. వచ్చే పత్తి తీతకు చేనికి నేనే నడిచి పోవాల."