నవనీత మైకు పట్టిన రోజు

మే నెలలో సరిహద్దు మీద కాల్పులు మొదలయ్యేనాటికి నవనీత భర్త సంపత్ జమ్మూ వైపు ఉన్నాడు. ఫిరంగి దళంలో హవల్దారు. "కొన్ని దినాలు ఫోన్ కలువది, పరేషాన్ గాకు" అని చెప్పి పెట్టేశాడు. ఆ తర్వాత నిజంగానే కలవలేదు.

నవనీత మందమర్రిలో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతుంది. మామ రాజం బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన మనిషి. ఇంట్లో వాళ్లిద్దరే. సంపత్ యూనిట్‌లోనే బెల్లంపల్లికి చెందిన రాహిల్ కూడా ఉన్నాడు. అతని భార్య యుమ్నాకూ నవనీతకూ మంచి స్నేహం. ఎవరి భర్త ఫోన్ చేసినా వెంటనే రెండో ఆమెకు కబురు అందేది. ఆ వారం ఇద్దరి దగ్గరా చెప్పడానికి ఏమీ లేదు.

"అక్కా, టీవీ చూస్తున్నవా?" అని అడిగింది యుమ్నా ఫోన్‌లో.

"బంద్ చేసిన. గా అరుపులు వింటే పానం ఆగుతలేదు."

"నేను సుత బంద్ చేసిన. పక్కింట్ల మోగుతనే ఉంది."

ఆ సమయంలోనే వెంకటేశ్ వచ్చాడు. సంపత్‌తో కలిసి చదువుకున్నవాడు, మార్కెట్లో సెల్‌ఫోన్ల దుకాణం పెట్టుకున్నాడు. సైన్యానికి మద్దతుగా ర్యాలీ తీస్తున్నామని చెప్పాడు.

"నువ్వొక రెండు ముక్కలు మాట్లాడాలె వదినా. జవాను భార్య మాట్లాడితే జనానికి జోష్ వస్తది."

నవనీత వెంటనే ఒప్పుకుంది. అందులో ఆలోచించాల్సింది ఏముందనుకుంది. తన భర్తకు ఊరంతా దండం పెడతానంటే ఆమె కాదంటుందా?

ర్యాలీ సాయంత్రం మార్కెట్ దగ్గర ఆగింది. లారీ మీదే వేదిక కట్టారు. జనం బాగానే వచ్చారు. పక్కన ఐస్‌క్రీం బండ్లు కూడా నిలబడ్డాయి. నవనీత కంటే ముందు మాట్లాడినాయన గొంతు చించుకున్నాడు. లడాయి మధ్యలో ఆపొద్దన్నాడు, అవతలి దేశం పటంలో లేకుండా పోయేదాకా ఆపొద్దన్నాడు. పిల్లలు ఈలలు వేశారు. అందరికీ కృతజ్ఞతలు చెప్పి దిగిపోదామని వచ్చిన నవనీతకు ఆ ఈలలు వింటుంటే అనుకున్న మాటలు మనసులోంచి పోయాయి. సంపత్ ఇప్పుడు ఏ గుంతలో కూర్చున్నాడో అనిపించింది.

మైకు అందుకుంది.

"అందరికి శనార్థి. మా ఆయన అక్కడ డ్యూటీల ఉన్నడు. ఆయనకేం గావాల్నో అన్ని ఇయ్యాలె. మంచి తిండి, మంచి తుపాకి, గాయమైతే మంచి దవఖాన. గా ముచ్చట్ల నేను మీ అందరి కంటే ముందుంట. కని ఇందాక మాట్లాడిన అన్న, లడాయి ఆపొద్దన్నడు. నాకైతే ఆగాలె. ఇయ్యాలనే ఆగాలె. అటుదిక్కు సుత ఎవతో ఒకతి నాలెక్కనే ఫోన్ ముంగట కూసోని ఉంటది. ఆమె మొగడు నా మొగన్ని కొట్టొద్దు, నా మొగడు ఆమె మొగన్ని కొట్టొద్దు. అంతే."

చప్పట్లు రాలేదు. వెనక నుంచి ఎవరో "గిది చెప్పియ్యనీకి తెచ్చిండ్రా?" అని అరిచారు. వెంకటేశ్ గబగబా మైకు తీసుకుని నినాదాలు మొదలుపెట్టాడు. ఆమె లారీ దిగుతుంటే చెయ్యి అందించినవాళ్లు లేరు.

తెల్లారేసరికి వీడియో అందరి ఫోన్లలోకీ చేరింది. మొదటి సగం కోసేశారు. "నాకైతే ఆగాలె" నుంచే మొదలవుతుంది. ముఖం తెలియనివాళ్లు దేశద్రోహి అన్నారు, ఇంకా నీచమైన మాటలూ అన్నారు. బడి యజమాని ఫోన్ చేసి, తల్లిదండ్రులు అడుగుతున్నారని, పొరపాటున అన్నానని చిన్న వీడియో పెట్టమని చెప్పాడు.

"పొరపాటున అనలేదు సార్" అంది నవనీత.

"అట్లయితే జూన్ సంగతి తర్వాత చూద్దాం మేడం" అని ఆయన పెట్టేశాడు.

రాజం పొద్దున్నే హోటల్‌కు చాయ్ తాగడానికి వెళ్లి, మామూలు కంటే ముందే తిరిగొచ్చాడు. కోడలు ముఖం చూసి అరుగు మీద కూర్చున్నాడు.

"అందరు నన్ను అడిగిండ్రు బిడ్డా, నీ కోడలు గట్లెట్ల అన్నదని. నేను బాయిల దిగినన్ని దినాలు మీ అత్త, బాయి పైకప్పు కూలొద్దు దేవుడా అని మొక్కింది. ఆమె బొగ్గుకు దుష్మన్ అయిందా? అని అడిగిన."

"వాళ్లేమన్నరు మామా?"

"ఏమంటరు, చాయ్ తాగి పోయిండ్రు."

ఆ తిట్లు మొదలైన తర్వాత నవనీత నవ్వింది అప్పుడే.

కాల్పులు ఆగిన మర్నాడు సంపత్ ఫోన్ చేశాడు. అతని గొంతు వినగానే ఆమె ఎట్లున్నవు, తిన్నవా అని వరుసగా అడిగింది. అతను మాత్రం నెమ్మదిగా, ఒక్కో మాట చెప్పాడు.

"రాహిల్‌కు తాకింది. ఎడమకాలు మోకాలి కిందికి తీసేసిండ్రు. ఢిల్లీ మిలిటరీ దవఖానకు తోలిండ్రు. యుమ్నాకు చెప్పిండ్రట. ఒక్కతే ఉంది, నువ్వు ఎంబడి పో."

"పోత."

"ఇంకోటి. గా వీడియో ఇక్కడ అందరు చూసిండ్రు. నేను తలకాయ ఎట్లెత్తాలె? ముందుగాల నన్నొక్క మాట అడగొద్దా?"

"నీ ఫోన్ కలిసుంటే అడుగుతుంటి."

"పో, జల్ది పో" అన్నాడు సంపత్.

బెల్లంపల్లిలోనే ఇద్దరూ ఢిల్లీ రైలెక్కారు. యుమ్నా ఏడవలేదు. బల్లార్షా దాటాక మాత్రం కిటికీలోంచి చూస్తూ అంది: "పానంతోని ఉన్నడు, అల్లాకు శుక్ర్ అనాలె గద అక్కా. అననీకి నోరొస్తలేదు."

నవనీత ఆమె చెయ్యి పట్టుకుని కూర్చుంది.

ఆసుపత్రిలో రాహిల్ బాగా చిక్కిపోయి ఉన్నాడు. యుమ్నాను చూసి దుప్పటి సర్దుకోబోయాడు. ఆమె దుప్పటి పక్కకు తీసి, కట్టు కట్టిన చోట చెయ్యి ఆనించి, అప్పుడు ఏడ్చింది. నవనీత బయటికి వెళ్లిపోయింది. మందులు తేవడం, డాక్టర్లు చెప్పింది విని వచ్చి చెప్పడం, యుమ్నాకు నాలుగు ముద్దలు తినిపించడం ఆ తర్వాత ఆమె పనులయ్యాయి.

ఒక మధ్యాహ్నం యుమ్నా నమాజుకు వెళ్లినప్పుడు రాహిల్ అడిగాడు.

"భాభీ, నీ వీడియో నేను సుత చూసిన. సగం మంది తిట్టిండ్రు. సగం మంది సప్పుడు చెయ్యలే. నాకు ఒక్కటే సమజ్ కాలే. లడాయి వద్దంటే మేం చేసిందంతా ఊర్కనే అయినట్టేనా? గీ కాలు ఊర్కనే పోయిందా?"

బజారులో తిట్టినవాళ్లకు ఆమె దగ్గర సమాధానం ఉంది. ఇతనికి ఆ సమాధానం సరిపోదు. కుర్చీ మంచం దగ్గరికి జరుపుకుని అంది:

"నీ కాలు ఊర్కనే పోయిందని నేననలే తమ్మీ. మీరు నిలబడ్డరు. గందుకు మేం ఇంట్ల కూసున్నం. కని గిది మీతోని మల్లమల్ల చేయించొద్దంటున్న. ఇంకొకరి కాలు పోవద్దంటున్న. నేనన్నది నీకు తప్పనిపిస్తే తిట్టు, పడ్త."

"తిట్టనీకి ఓపిక లేదు భాభీ" అన్నాడు రాహిల్. తర్వాత నీళ్లడిగాడు. ఆమె తాగించింది.

జూన్‌లో బడి తెరిచారు. నవనీతను పిలవలేదు. ఇంటి దగ్గరే ట్యూషన్ పెట్టుకుంది. మొదట్లో పిల్లలు పెద్దగా రాలేదు, పరీక్షలు దగ్గరపడేకొద్దీ వచ్చారు.

వానాకాలం చివర్లో రాహిల్ ఇంటికొస్తున్నాడని తెలిసి వెంకటేశ్ బెల్లంపల్లిలో పెద్ద సన్మానం అనుకున్నాడు. నవనీత అతని దుకాణానికి వెళ్లింది. ర్యాలీ తర్వాత ఇద్దరూ మాట్లాడుకోవడం అదే మొదలు.

"సన్మానం తర్వాత చెయ్యి వెంకటేశ్. యుమ్నా ఇంటి ముంగట ఎత్తు మెట్లున్నయి. చక్రాల కుర్చీ ఎట్లెక్కుతది? గవి తీసి ర్యాంపు కట్టియ్యి."

వెంకటేశ్ ఆమె కేసి చూశాడు. "గది నాకు తోచలే వదినా" అన్నాడు. అదే ఆదివారం దోస్తులతో, సిమెంటు బస్తాలతో వచ్చాడు. మేస్త్రీని తెచ్చినా తనే గడ్డపార పట్టి మెట్లు పగలగొట్టాడు. నవనీత, యుమ్నా ఇసుక మోశారు. మధ్యలో అతను చెమట తుడుచుకుంటూ, "నువ్వు గానాడు అన్నది నాకిప్పటికి నచ్చలే వదినా" అన్నాడు.

"నాకు నీ లారీ మీది ముచ్చట్లు నచ్చలే. జర గా కంకర ఇటు పొయ్యి."

రాహిల్ వచ్చిన రోజు యుమ్నా ఎవరినీ ముట్టుకోనివ్వకుండా తనే కుర్చీని లోపలికి తోసింది.

దసరా తర్వాత సంపత్‌కు సెలవు దొరికింది. రైలు దిగి ముందు రాహిల్ దగ్గరికే వెళ్లాడు. ఇంటికొచ్చాక అన్నం తింటూ అన్నాడు:

"దవఖానల నువ్వన్నది రాహిల్ చెప్పిండు."

"నువ్వేమంటవ్?"

"పిలిస్తే నేను మల్ల పోత. గది మారది."

"పో. నీ సంచి నేనే సర్దుత. లడాయి వద్దని సుత నేనే అంట."

"అను. కని ఇంకోసారి నాకు ముందుగాల చెప్పు" అన్నాడు సంపత్. రాజం పక్కనుంచి పెరుగు గిన్నె వాళ్లవైపు జరిపాడు.

సెలవైపోయాక నవనీతే అతని సంచి సర్ది, స్టేషన్‌కు వెళ్లి రైలెక్కించి వచ్చింది. సాయంత్రం ట్యూషన్ పిల్లలకు భిన్నాలు మొదలుపెట్టింది.