తోడుకున్న కాలు

ఉదయం లేచి చూస్తే నా ఎడమ కాలు తోడుకుని ఉంది.

అత్త పెరుగు గిన్నె వంచి చూసినట్టు మడమ పట్టుకుని కాలిని కొంచెం వంచుతుంది. లోపలిది కదలదు. పిక్క దగ్గర ఎర్రటి మీగడ కూడా కట్టింది.

"గట్టిగానే తోడుకుంది. రాత్రి ఎచ్చగా పడుకున్నావేంటే?"

"ఎప్పటి దుప్పటే కదా అత్తా."

డాక్టరమ్మ ముందే చెప్పింది, నాలా క్యాన్సర్ ఉన్నవాళ్ళకి నెత్తురు ఒంట్లోనే గడ్డకడుతుందని. ఎందుకో నేను అడగలేదు. బళ్ళో రక్తం పాఠం మొదలయ్యే వారమే నన్ను చదువు మాన్పించారు. ముక్క విరిగి ఛాతీలోకి పోతే ప్రమాదమని మాత్రం ఆవిడ రెండుసార్లు చెప్పింది. పల్చబడడానికి పొట్ట మీద సూదులు వేస్తున్నారు. దాంతో చిగుళ్ళలోంచి మజ్జిగలా పల్చటి నెత్తురు కారుతుంది. కాలు మాత్రం గట్టిగానే ఉంది.

పక్కింటి నూకరత్నం గ్లాసుతో వస్తుంది. "పిన్నీ, చెంచాడు తోడుంటే పెట్టవా."

"దీని కాల్లో ఉంది, తీసుకో," అంటుంది అత్త.

నూకరత్నం వంగి వాసన చూస్తుంది. "మా ఆయన పులుపు తినడులే," అని వెళ్ళిపోతుంది.

నా నెలల పాపకి స్నానానికి నీళ్ళు కాగాయి. అత్త మోకాళ్ళు చాపి కూర్చోలేదు. రోజూ పాపని కాళ్ళ మీద వేసుకునేది నేనే.

"విరుగుతుందేమో అత్తా."

"పెరుగు దానంతటది విరగదే. కదిపితేనే విరుగుతుంది. కదలకు."

పీట మీద కూర్చుని కాళ్ళు చాపుతాను. ఊపిరి కూడా చిన్నగా తీస్తాను. అత్త పాపని పడుకోబెడుతుంది. పాప నన్ను చూసి నవ్వి, మడమతో ఒక్క తన్ను తన్నుతుంది.

ముక్క విరుగుతుంది. మోకాలు దాటుతుంది, తొడ దాటుతుంది. ఛాతీలోకి రాగానే అక్కడ కవ్వం తిరగడం మొదలవుతుంది. గాలి అందదు. దగ్గుతాను.

అత్త దోసిలి అప్పటికే నా నోటి కింద ఉంది. అందులో ఎర్రటి వెన్నముద్ద పడుతుంది. దాన్ని చెంబు నీళ్ళలో వేసి చూస్తుంది.

"తేలింది. వెన్నే," అని తీసి పాప మాడుకి అద్దుతుంది.

నా ఛాతీ మీద చెయ్యి వేసి చూసుకుంటాను. అక్కడ చప్పుడు లేదు. పాప మాడు మాత్రం భయపడినప్పుడు నా గుండె కొట్టుకునేట్టే కొట్టుకుంటోంది.

అత్త చెంబు ఎత్తుతుంది. నా గుండె తడవకుండా పాప తల మీద అరచెయ్యి అడ్డం పెడతాను.