ఒకే పేరున రెండు పనులు

ఇలా దగ్గరికి జరుగు చిట్టీ, వంటింట్లో మీ అక్క బేబీ నవ్వుతోంది, విన్నావా, పొద్దుటినించీ మెతుకు ముట్టని పిల్ల ఇప్పుడు యాళ్లవారి సత్యదుర్గతో ఒకే కంచంలో తింటోంది, హమ్మయ్య, రేపు పది గంటలకి కాలేజీకి పరీక్ష చేసే మాస్టారు వస్తారట, వీళ్లిద్దరూ కలిసి కంప్యూటర్లో చేసింది నడవకపోతే ఏడాది పోతుందట, మధ్యాహ్నం దాకా నడవనే లేదు, ఆ భాషని లిస్పంటారు, ఎక్కడ చూసినా బ్రాకెట్లే, వల అల్లినట్టు, నేను చదివింది రెండో తరగతి, నాకేం తెలుస్తుంది, కానీ బేబీయే విడమరిచి చెప్పింది, నలభై మంది పిల్లల్ని ఒక వరసలో పెట్టి ఒక పని అప్పగిస్తే చాలు మామ్మా, ఈ చివర నించి ఆ చివరి దాకా ఒక్కొక్కరికీ అదే పని చేసుకుపోతుంది, వచ్చినవాటితో కొత్త వరస కడుతుంది, పాత వరస అలాగే ఉంటుంది అని, శనివారం మిమ్మల్ని వరసగా కూచోబెట్టి తలలకి నూనె రాసేదాన్నే అలాగా అన్నాను, ఆయ్, కాకపోతే నూనె రాసిన తలలూ ఉంటాయి, రాయని తలలూ ఉంటాయి అంది, ఇదెక్కడి వింతే అనుకున్నాను, అంతా బాగానే ఉంది, మార్కులు సరిచేసే పనికి బేబీ దిద్దు అని పేరు పెట్టింది, పిల్లల పేర్లు సరిచేసే పనికి దుర్గ వాళ్లింట్లో కూచుని తనూ దిద్దు అనే పెట్టింది, రెండూ ఒకచోట చేర్చేసరికి వెనకొచ్చిన దిద్దు ముందున్న దిద్దుని మింగేసింది, తప్పు ఒకటే, వరస పొడుగునా పోయింది కాబట్టి నలభై తప్పులయ్యాయి, పేర్లుండాల్సిన చోట సున్నాలు, నువ్వే నాదాంట్లో వేలు పెట్టావు అంది బేబీ, పెట్టడానికి అందులో ఏముందే అంది దుర్గ, సైకిలెక్కింది, నాకు మాత్రం వెళ్లొస్తానండి మామ్మగారండీ అని మర్యాదగా చెప్పి మరీ.

ఆ సైకిలు సందు తిరుగుతుంటే ఎందుకో డెబ్భై నాలుగులో గుడి ప్రేమవిందు, అదే మన చర్చిలో అందరూ తలో వంటా తెచ్చి కలిసి తినేది, గుర్తొచ్చింది, గెడ్డం సుందరమ్మా నేనూ చెరో గిన్నెడు కూర పట్టుకెళ్లాం, నా పేరూ సుందరమ్మే కదా, దాని మీదా సుందరమ్మ అనే, దీని మీదా సుందరమ్మ అనే, స్టీలు కొట్లో కొట్టించిన అక్షరాలు, ఇంటికొచ్చి తోముతుంటే బరువుని బట్టి తెలిసింది, ఇది నాది కాదు, కానీ అప్పటికే గుడి వాకిట్లో పదిమంది ముందు నా గిన్నె నాకు తెలీదా అని ఆవిడ మీద విరుచుకుపడి వచ్చాను, ఇంక ఏ మొహంతో ఇస్తాను, రెండేళ్లు మాటల్లేవు, ఆఖరికి పాస్టరుగారు పేరు ముందు ఇంటిపేరు కొట్టించుకోండమ్మా అన్నారు, అందరూ కొట్టించుకున్నారు, నేనూ కొట్టించాను, ఆవిడ గిన్నె మీదే, నేలపూడి అని, గొడవ సద్దుమణిగింది, గిన్నె మనింట్లోనే ఉండిపోయింది, మీ తాతక్కూడా చెప్పలేదు, ఇవాళ బేబీ నా ఒళ్లో తల పెట్టుకుని ఏడుస్తుంటే జుట్టు నిమురుతూ మొత్తం చెప్పేశాను.

బేబీ గబుక్కున లేచి కూచుంది, మామ్మా, వెనక చేర్చింది నా ఫైలే, నాదే దానిది మింగింది, నాకు తెలుసు, తెలిసే దుర్గని అన్నాను, ఎవరి పని వాళ్ల ఇంటిపేరు కింద పెట్టుకోవాలని మేడంగారు ముందే చెప్పేరు, నేనే అక్కర్లేదన్నాను అంది, చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తింది, అరగంటకి ఇద్దరూ వచ్చేరు, మీ మనవరాలు తప్పొప్పుకుందండీ మామ్మగారూ, ఇంక వానొచ్చేస్తుంది, గొడుగు తీసి పెట్టండి అంది దుర్గ, నాకు నవ్వాగలేదు, కూచుని రాసేరు, నేలపూడి రెండు చుక్కలు దిద్దు, యాళ్ల రెండు చుక్కలు దిద్దు, ఎవరిదీ చెరపలేదు, నలభై పేర్లూ నలభై మార్కులూ బారుగా దిగాయి, నా కళ్లతో చూశాను, అప్పుడు తెలిసింది చిట్టీ, నేను ముప్ఫై ఏళ్లు మోసింది ఆ పిల్ల ఒక్క పూటలో దింపుకుంది, అంత తేలికట, గెడ్డం సుందరమ్మ కాలవ అవతల కొడుకు దగ్గరుంది, చూపు ఆనదు గాని చెవులు బాగానే పనిచేస్తున్నాయి, పొద్దున్నే వెళ్తాను, నువ్వు ఇదంతా గుర్తుపెట్టుకుని నీ తరవాతి వాళ్లకి చెప్పు, చెప్పేటప్పుడు నా తప్పు దాటేసి మాత్రం చెప్పకు తల్లీ.